అతికించేదీ చీల్చేదీ ఒకే మాట

ఇంగ్లీషులో ‘శాంక్షన్’ అనే మాటకు అనుమతి ఇవ్వడం అని ఒక అర్థం, శిక్షగా ఆంక్ష విధించడం అని మరొక అర్థం ఉన్నాయి. తెలుగువారికి ఈ రెండు అర్థాలూ పరిచయమైనవే గాని, అవి వేర్వేరు దారుల్లో వచ్చి చేరాయి కాబట్టి రెండూ ఒకే మాటవన్న సంగతి చటుక్కున తట్టదు. బ్యాంకులో ‘లోను శాంక్షనైంది’ అంటే డబ్బు చేతికి రాబోతున్నదని అర్థం. అదే మాట విదేశీ వార్తలో బహువచనంలో ఒక దేశం పేరు పక్కన కనిపిస్తే తెలుగు పత్రిక దానిని ‘ఆంక్షలు’ అని రాస్తుంది, అప్పుడు ఆ దేశానికి రావలసిన డబ్బు ఆగిపోయిందని అర్థం. ఒక మాటకు అనేక అర్థాలుండడం ఏ భాషలోనైనా ఉన్నదే, వాటిని నానార్థాలంటారు. రెండు మాటలు ఒకదానికొకటి ఎదురు నిలిస్తే వాటిని వ్యతిరేకార్థకాలంటారు. ఒకే మాట తన నానార్థాలలోనే తన వ్యతిరేకార్థాన్ని కూడా మోసుకు తిరగడం మాత్రం ఈ రెండు లెక్కల్లోనూ పూర్తిగా ఇమడని విషయం. ఇంగ్లీషులో అటువంటి మాటలు పదుల సంఖ్యలో ఉన్నాయి.

వీటికి ఇంగ్లీషులో పేరు పెట్టే పని 20వ శతాబ్దం సగం గడిచాక గాని జరగలేదు. 1960లో జోసెఫ్ షిప్లీ ‘ఆటాంటొనిమ్’ అన్నాడు, తనకు తానే వ్యతిరేకమైన మాట అని దాని భావం. 1962లో జాక్ హెరింగ్ పెట్టిన ‘కాంట్రొనిమ్’ అనే పేరు, నోటికి కాస్త సులువు కావడం వల్లనేమో, ఎక్కువ వాడుకలోకి వచ్చింది. ముందుకొకటి వెనక్కొకటి రెండు ముఖాలున్న రోమన్ ద్వారదేవత జేనస్ పేరు మీద వీటిని జేనస్ పదాలని కూడా పిలుస్తారు. తెలుగులో స్థిరపడిన పేరు లేదు గనుక ఇక్కడ వీటిని ద్విముఖ పదాలు అనుకోవచ్చు. పేరు కొత్తదే గాని గమనింపు చాలా పాతది. అరబ్బీ పండితులు ఇటువంటి మాటలను ‘అద్దాద్’ అని వేరు చేసి వాటి కోసమే గ్రంథాలు రాశారు, 940లో మరణించిన ఇబ్న్ అల్ అంబారీ గ్రంథం వాటిలో ప్రసిద్ధమైనది. నలుపునూ తెలుపునూ కూడా సూచించే ‘జౌన్’ అనే మాట అక్కడ తరచుగా చూపే ఉదాహరణ. సంస్కృతంలో ‘ఆరాత్’ అనే అవ్యయానికి దూరమనీ దగ్గరనీ రెండర్థాలున్నట్టు అమరకోశం నానార్థ వర్గమే చెబుతున్నది.

ఇన్ని భాషల్లో కనిపించే ఈ తీరుకు ఒకే మూలకారణం చెప్పాలన్న ఉబలాటం సహజంగానే కొందరికి కలిగింది. 1884లో జర్మన్ భాషావేత్త కార్ల్ ఆబెల్ ఒక చిన్న పుస్తకంలో, ఆదిమ మానవుడు ఏ భావాన్నైనా దాని వ్యతిరేకంతో పోల్చి మాత్రమే గ్రహించగలిగేవాడనీ, బలం అంటే ఏమిటో బలహీనతతో కలిపి చూస్తేనే తెలిసేదనీ, అందుకే ప్రాచీన ఈజిప్టు భాషలో రెండిటికీ ఒకే మాట ఉండేదనీ వాదించాడు. ఈ వాదం సిగ్మండ్ ఫ్రాయిడ్‌కు ఎంతో నచ్చింది, ఎందుకంటే కలలో ఒక వస్తువు తన వ్యతిరేకానికి గుర్తుగా రావచ్చునని ఆయన అప్పటికే చెప్పి ఉన్నాడు. 1910లో ఆబెల్ పుస్తకం మీద వ్యాసం రాసి, మనసు లోతుల్లో జరిగేదానికి భాష సాక్ష్యం పలికిందని సంతోషించాడు. 1956లో ఫ్రెంచి భాషావేత్త ఎమిల్ బెన్వెనిస్త్ ఈ సంతోషం మీద నీళ్లు చల్లాడు. ఆబెల్ ఉదాహరణల్లో ఒకటైన లాటిన్ ‘ఆల్టుస్’ అనే మాటకు ఎత్తైనది అనీ లోతైనది అనీ రెండర్థాలు చెప్పుకుంటారు గాని, లాటిన్ మాట్లాడేవారికి అవి రెండు కావు; బావిని దాని అడుగు నుంచి పైకి, చెట్టును దాని మొదలు నుంచి పైకి, ఒకే దిశలో కొలిచే మాట అది. చూసేవాడు గట్టు మీద నిలబడ్డాడా అడుగున నిలబడ్డాడా అన్నది ఆ మాటకు పట్టదు, ఆ తేడా పట్టే మరో భాషలోకి మార్చినప్పుడే ఒక అర్థం రెండై ఎదురు నిలుస్తుంది.

బెన్వెనిస్త్ అన్న ఈ మాట ఇంగ్లీషు ద్విముఖ పదాల్లో చాలావాటికి తాళంచెవి వంటిది. ఏ మాటా పుట్టుకతో రెండు నాలుకలది కాదు. మాట ఒక వస్తువునో ఒక పనినో చెప్పి ఊరుకుంటుంది, ఎదురు అర్థం అన్నది ఆ పనిని ఏ వైపు నుంచి చూశారన్న దానిలో ఉంటుంది. అయితే ఈ సూత్రం వర్తించని మాటలు కొన్ని ఉన్నాయి, వింతేమిటంటే పుస్తకాలన్నీ మొదట చూపే ఉదాహరణలు సరిగ్గా అవే.

వాటిలో అగ్రతాంబూలం ‘క్లీవ్’ అనే క్రియది. దీనికి అంటిపెట్టుకొని ఉండడం అని ఒక అర్థం, నిలువునా చీల్చడం అని మరొకటి. 1611లో ఇంగ్లండులో అచ్చయిన కింగ్ జేమ్స్ బైబిలు ఆదికాండంలో పురుషుడు తన భార్యను అంటిపెట్టుకొని ఉండే సందర్భంలోనూ, అబ్రహాము దహనబలికి కట్టెలు చీల్చే సందర్భంలోనూ ఈ క్రియే కనిపిస్తుంది. కాని నిజానికి ఇది ఒక మాట కాదు, రెండు మాటలు. ప్రాచీన ఇంగ్లీషులో చీల్చడానికి ‘క్లేయొవన్’ అనీ, అంటుకోవడానికి ‘క్లివియన్’ అనీ వేర్వేరు క్రియలుండేవి. మొదటిది గ్రీకులో చెక్కడమనే అర్థమిచ్చే ధాతువుకు చుట్టం, ఈజిప్టు చిత్రలిపి పేరైన హైరోగ్లిఫ్‌లో ఉన్నదీ అదే. రెండోది బంకమట్టికీ జిగురుకూ ఇంగ్లీషులో ఉన్న క్లే, గ్లూ అనే మాటలకు చుట్టం. శతాబ్దాల ఉచ్చారణలో అరిగి అరిగి రెండూ ఒకే ధ్వని దగ్గరికి చేరాయి. ఒకే పేరున్న ఇద్దరిని ఒకడే అనుకొని వాడి స్వభావంలోని వైరుధ్యానికి ఆశ్చర్యపడటం ఎలాంటిదో, క్లీవ్‌ను చూసి ఆశ్చర్యపడటం అలాంటిది.

‘క్లిప్’ కథ కూడా ఇటువంటిదే. తెలుగువారు జుట్టుకు పెట్టే క్లిప్పు, కాగితాలకు పెట్టే క్లిప్పు కలిపి పట్టేవి. పత్రిక నుంచి కత్తిరించి దాచుకునే క్లిప్పింగు విడదీసినది. కలిపి పట్టే క్లిప్ ప్రాచీన ఇంగ్లీషులో కౌగిలించుకోవడం అని అర్థమున్న ‘క్లిప్పన్’ నుంచి వచ్చింది, కత్తిరించే క్లిప్ మాత్రం వైకింగుల భాష నుంచి వచ్చింది. 8వ శతాబ్దం చివర దోపిడీకి వచ్చి, తరవాత ఇంగ్లండు ఉత్తర, తూర్పు ప్రాంతాలలో కాపురాలు పెట్టిన ఆ స్కాండినేవియా జనం, అక్కడి వాడుకలో వదిలిపోయిన వందలాది మాటల్లో ఇదొకటి.

మూడోది ‘లెట్’, ఇది మొదటి రెండింటికంటే గడుసైనది. పోనివ్వడం అనే అర్థంలో ఈ మాట ఇంగ్లీషు చదువుకునే పిల్లలకు కూడా తెలుసు, అడ్డుకోవడం అనే అర్థంలో మాత్రం చదువుకున్నవారిలోనూ కొద్దిమందికే తెలుసు. షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకం మొదటి అంకంలో, తండ్రి ప్రేతం వెంట వెళ్లబోతున్న రాకుమారుడు తనను ఆపుతున్న స్నేహితులను బెదిరించేటప్పుడు వాడే క్రియ ఇదే, అక్కడ దాని అర్థం అడ్డుకోవడమే. నేటి పాఠకుడు పోనివ్వడం అనుకొని చదివితే ఆ బెదిరింపు తలకిందులవుతుంది. ప్రాచీన ఇంగ్లీషులో పోనివ్వడానికి ‘ల్యాటన్’, అడ్డుకోవడానికి ‘లెట్టన్’ అనే రెండు క్రియలుండేవి, రెండోదానికి అక్షరార్థం ఆలస్యం చేయించడం, తెలుగులో కలిసిపోయిన ‘లేటు’ అన్న మాట దాని తోబుట్టువే. ఇంకా వెనక్కి వెళితే రెండు క్రియలకూ వదలడం, సడలించడం అనే ఒకే ధాతువు మూలమని నిరుక్తకారులు, అంటే పదాల పుట్టుకను పరిశోధించేవారు, చెబుతారు: పట్టు సడలిస్తే మనిషి ముందుకు పోవచ్చు, పట్టు సడలిన మనిషి వెనకబడనూవచ్చు. అంటే ఇవి అపరిచితులు కావు, చిన్నప్పుడే విడిపోయి, పెద్దయ్యాక ఒకే వేషంలో మళ్లీ ఎదురుపడిన అన్నదమ్ములు.

ఎదురుపడితే ఏమవుతుందన్నది ఆసక్తికరమైన ప్రశ్న. క్లీవ్ తన రెండర్థాలతోనూ బతికి ఉండడానికి కారణం, అంటిపెట్టుకోవడం అనే అర్థంలో దాని వెనక ‘టు’ అనే విభక్తి వంటి పదం తప్పనిసరిగా వస్తుంది, చీల్చడంలో రాదు. చెవికి ఆ ఒక్క గుర్తు చాలు. లెట్‌కు అటువంటి రక్షణ లేదు, ‘వాడిని లెట్ చేయి’ అన్న వాక్యం రెండర్థాల్లోనూ ఒకే తీరుగా నడుస్తుంది కాబట్టి రెండింటిలో ఒకటి తప్పుకోక తప్పలేదు. ఈ రకమైన ఘర్షణను ఫ్రాన్సు మాండలికాలలో మొదట విశదంగా చూపినవాడు భాషావేత్త జూల్ జిలియెరాన్. నైరుతి ఫ్రాన్సులోని గాస్కనీ ప్రాంతంలో ధ్వని మార్పుల వల్ల కోడిపుంజు పేరూ పిల్లి పేరూ రెండూ ‘గాట్’ అయి కూర్చున్నాయి. కోళ్లు పెంచే ఊళ్లలో, పుంజునూ దాన్ని ఎత్తుకుపోయే పిల్లినీ ఒకే పేరుతో పిలిస్తే వ్యవహారం సాగదు; అందుకని అక్కడి రైతులు పుంజును నెమిలికోడి జాతి పక్షి పేరుతోనూ, కొన్నిచోట్ల చర్చి మతాధికారి హోదా పేరుతోనూ పిలవడం మొదలుపెట్టారు. మతాధికారికి ఆ గౌరవం పుంజు నడకలోని దర్పం చూసి దక్కి ఉంటుందని నవ్వుకునేవారున్నారు.

ఇక నిజంగా ఒకే మాట రెండు దిక్కులకు సాగినవాటి సంగతి. తెలుగులో బోల్టు అని వాడే ఇంగ్లీషు మాటకు తలుపు బిగించడం అని ఒక అర్థం, గుర్రం వంటిది ఒక్కసారిగా తెంచుకొని పరుగు తీయడం అని మరొక అర్థం. ప్రాచీన ఇంగ్లీషులో అది విల్లు నుంచి వదిలే పొట్టి బాణం పేరు. బాణం ఆకారం గుర్తున్నవారు తలుపు వెనక అడ్డంగా దూర్చే కమ్మీని అలా పిలిచారు, బాణం వేగం గుర్తున్నవారు పరుగును అలా పిలిచారు. ఒకరికి కదలనివ్వనిది, మరొకరికి ఆగనిది. ‘ఫాస్ట్’ కూడా ఇదే కోవకు చెందుతుంది. వేగంగా అన్న అర్థం దానికి తరవాత వచ్చినది, మొదటి అర్థం గట్టిగా, కదలకుండా అని. గాఢనిద్రకూ, బిగిసిన ముడికీ ఇంగ్లీషులో ఇప్పటికీ ఆ మాటే చెల్లుతుంది, ఉతికినా వదలని రంగును బట్టల దుకాణంలో ‘ఫాస్ట్ కలర్’ అనేదీ ఆ పాత అర్థంలోనే, అక్కడ ఫాస్ట్ అంటే పారిపోనిది. గట్టిగా పట్టుకో అన్నట్టే గట్టిగా పరుగెత్తు అనడం, గట్టిగా అంటే పరుగులో వడిగా అని స్థిరపడటం క్రమంగా జరిగాయి. తెలుగులో ‘గట్టిగా పట్టుకో’, ‘గట్టిగా అరువు’ అన్నప్పుడు గట్టిదనం ఎలా చేతి నుంచి గొంతుకు ఎక్కిందో ఆలోచిస్తే ఇది అంత వింతగా తోచదు. ఉపవాసాన్ని ఫాస్ట్ అనడంలోనూ నియమానికి గట్టిగా కట్టుబడటమే మూలార్థం.

‘స్క్రీన్’ విషయంలో తెలుగు పాఠకుడికి వివరణ అక్కరలేదు, ఎందుకంటే ‘తెర’ అనే తెలుగు మాట అచ్చంగా అదే నాటకం ఆడుతుంది. ఇంగ్లీషు స్క్రీన్ మొదట నిప్పు సెగ తగలకుండా అడ్డుపెట్టే పలక, కంటికి కనబడకుండా దాచే అడ్డు. తరవాత దాని మీదే బొమ్మలు వేయడం వచ్చాక అది చూపించే సాధనమయింది, సినిమాను స్క్రీన్ చేయడమంటే ప్రదర్శించడం, తప్పును స్క్రీన్ చేయడమంటే కప్పిపుచ్చడం. తెలుగులో కథ తెరకెక్కితే అందరికీ కనిపిస్తుంది, నటుడు తెరమరుగైతే ఎవరికీ కనిపించడు, తెర వెనక జరిగేది రహస్యం, వెండితెర మీద జరిగేది బహిరంగం. తోలుబొమ్మలాటలో ఈ రెండు పనులూ ఒకే గుడ్డ ఒకే క్షణంలో చేస్తుంది: బొమ్మ నీడను చూపిస్తుంది, ఆడించేవాడిని దాస్తుంది. మాటలో వైరుధ్యం లేదు, గుడ్డకు రెండు వైపులున్నాయి, అంతే.

మొదట చెప్పిన శాంక్షన్ కూడా ఇలాగే ఒక్క వస్తువు తాలూకు రెండు వైపులు. లాటిన్‌లో ‘సాంకిరె’ అంటే ఒక దానిని పవిత్రమైనదిగా, ఉల్లంఘించరానిదిగా చేయడం. శాసనాన్ని అలా స్థిరపరచడం సాంక్షియో, రోమన్ చట్టపరిభాషలో శాసనాన్ని మీరినవారికి పడే శిక్షను తెలిపే భాగానికి కూడా అదే పేరు. శాసనం ఒక చేతితో అనుమతిస్తుంది, మరో చేతితో దండిస్తుంది. రెండు చేతులూ ఒకే అధికారానివి. ఇంగ్లీషులోకి వచ్చాక అనుమతించే చేయి క్రియగా బలపడింది, దండించే చేయి బహువచన నామవాచకంగా నిలబడింది. 1935లో ఇథియోపియా మీద దండెత్తిన ఇటలీపై నానాజాతి సమితి ఆర్థిక చర్యలు ప్రకటించినప్పుడు పత్రికల్లో మారుమోగింది ఈ రెండో రూపమే. ‘ఓవర్‌సైట్’ను కూడా ఇక్కడే చెప్పుకోవాలి. పైనుంచి చూడటం అన్న అక్షరార్థం నుంచి ఒక దారిలో పర్యవేక్షణ అనే అర్థం, మరొక దారిలో చూపు వస్తువు మీద ఆనకుండా పైపైన పోవడం వల్ల జరిగిన పొరపాటు అనే అర్థం వచ్చాయి. పర్యవేక్షణ సంఘం పేరులో ఉండే మాటా, తప్పు దొర్లినందుకు ఆ సంఘం చెప్పే సంజాయిషీలో ఉండే మాటా ఒకటే కావడం ఇంగ్లీషు వ్యంగ్య రచయితలకు తరగని భిక్ష. తెలుగులో ‘పైన ఉండి చూసుకోవడం’ బాధ్యత, ‘పైపైన చూడటం’ నిర్లక్ష్యం; ఒక్క ‘పై’ రెట్టించడంతో తెలుగు ఆ తేడాను చూపించగలిగింది.

నామవాచకాన్ని ఏ ప్రత్యయమూ తగిలించకుండా క్రియగా వాడుకోగలగడం ఇంగ్లీషుకు ఉన్న గొప్ప సౌకర్యం, ద్విముఖ పదాల ఉత్పత్తికి అతి పెద్ద కార్ఖానా కూడా అదే. ‘డస్ట్’ అంటే దుమ్ము, పొడి. దాన్నే క్రియగా వాడితే బల్ల మీది దుమ్ము దులపడమూ అవుతుంది, కేకు మీద పంచదార పొడి చల్లడమూ అవుతుంది, పొలంలో పైరు మీద మందు పొడి చల్లడమూ అవుతుంది. ‘సీడ్’ అంటే విత్తనం. పచ్చికబయలును సీడ్ చేస్తే విత్తనాలు చల్లినట్టు, టమాటాను సీడ్ చేస్తే గింజలు తీసేసినట్టు. దుకాణంలో ‘సీడెడ్’ అని రాసిన రొట్టె మీద గింజలు అద్ది ఉంటాయి, అదే మాట రాసిన ఎండుద్రాక్ష పొట్లంలో ఒక్క గింజా ఉండదు. ‘స్టోన్’ అంటే రాయి, పండులోని టెంక కూడా. మనిషిని స్టోన్ చేయడం రాళ్లు విసరడం, పండును స్టోన్ చేయడం టెంక తీయడం.

ఇంత గందరగోళంలో వినేవారు పొరబడకపోవడానికి కారణం వ్యాకరణం కాదు, లోకజ్ఞానం. 1979లో ఈవ్ క్లార్క్, హెర్బర్ట్ క్లార్క్ అనే భాషాశాస్త్రజ్ఞులు నామవాచకాల నుంచి పుట్టిన క్రియలను పరిశీలించి, అటువంటి క్రియ అర్థం నిఘంటువులో కంటే మాట్లాడేవారికీ వినేవారికీ ఉమ్మడిగా తెలిసిన లోకంలో ఎక్కువ ఉంటుందని వివరించారు. ఆ వివరణను ఇక్కడికి అన్వయిస్తే, గింజ టమాటాలో పుట్టుకతోనే ఉంటుంది గనుక దానితో చేయగలిగిన పని తీసేయడం. నేల మీద విత్తనం లేదు గనుక చేయగలిగిన పని చల్లడం. తెలుగులో ఈ చిక్కు దాదాపు రాదు. దుమ్ము, గింజ, తొక్క వంటి మాటలు క్రియలు కావాలంటే తీయు, దులుపు, చల్లు, వలుచు, అద్దు వంటి మరో క్రియ తోడు రావాలి, ఆ తోడు వచ్చిన క్రియే దిశను తేల్చి చెబుతుంది. ఇంగ్లీషు ఒక మాట ఆదా చేసుకుంది, దాని మూల్యం సందిగ్ధత. తెలుగు ఒక మాట ఎక్కువ ఖర్చు పెట్టి ఆ బెడద వదిలించుకుంది.

ఇచ్చిపుచ్చుకోవడాల మాటలు కూడా రెండు వైపులా చూస్తాయి. ఇంగ్లీషులో ఇల్లు ‘రెంట్’ చేశాడంటే అద్దెకిచ్చాడో తీసుకున్నాడో వెంటనే తేలదు, ఎందుకంటే ఆ మాట చెప్పేది ఇద్దరి మధ్య కుదిరిన ఒప్పందాన్ని. ఇంగ్లీషులో అతిథి, ఆతిథ్యమిచ్చే గృహస్థు అన్న అర్థాలున్న గెస్ట్, హోస్ట్ అనే రెండు మాటలూ ఒకే ప్రాచీన ధాతువుకు చేరతాయి, ఫ్రెంచిలోనైతే ‘ఓత్’ అన్న ఒకే మాట నేటికీ ఇద్దరినీ సూచిస్తుంది. ఆతిథ్యం అనేది ఈ రోజు నీ ఇంట్లో, రేపు నా ఇంట్లో అన్న బాంధవ్యమైనప్పుడు, ఎవరు ఏ వైపు అన్నది ఆ రోజు సంగతి మాత్రమే.

సముద్రం దాటడం వల్ల రెండు ముఖాలు వచ్చిన మాటలు మరికొన్ని. చట్టసభలో ఒక పత్రాన్ని ‘టేబుల్’ చేయడమంటే బ్రిటనులో చర్చ కోసం సభ ముందు బల్ల మీద పెట్టడం, భారత పార్లమెంటుకు వచ్చింది కూడా ఆ అర్థమే. అమెరికాలో మాత్రం చర్చించకుండా పక్కన పెట్టడం, తెలుగులో చెప్పాలంటే అటకెక్కించడం. రెండో ప్రపంచ యుద్ధకాలంలో, 1941 డిసెంబరులో మొదలైన వాషింగ్టన్ సమావేశాలలో, ఈ ఒక్క మాట మీద రెండు దేశాల సైనికాధికారులు తలపడిన సంగతిని విన్‌స్టన్ చర్చిల్ తన యుద్ధచరిత్ర మూడో సంపుటంలో నమోదు చేశాడు. బ్రిటిష్‌వారు ఒక పత్రాన్ని అత్యవసరంగా చర్చకు తేవాలన్నారు, అమెరికన్లూ దానిని చర్చించవలసిందేనన్నారు; ఇద్దరిదీ ఒకే అభిప్రాయమని తెలిసేలోగా సుదీర్ఘమైన, కటువైన వాదన నడిచింది. బల్ల ఒకటే, ఆ మాటకు దాని మీద పెట్టిన కాగితాన్ని తక్షణం ఎత్తి చదవడమని ఒకరూ, అక్కడే పడి ఉండనివ్వడమని మరొకరూ అర్థం చెప్పుకున్నారు. ‘మూట్’ అనే మాట ఇంకో దారి తొక్కింది. పూర్వం అది ఊరివారంతా కూర్చునే సభ పేరు, ఆ తరవాత లండన్ న్యాయవిద్యార్థులు కల్పిత వివాదాల మీద చేసే అభ్యాసవాదన పేరు, మన న్యాయ కళాశాలల్లో మూట్ కోర్టు అనేది దాని వారసురాలే. బ్రిటనులో మూట్ అయిన విషయం ఇంకా తేలక వాదించవలసినది. అమెరికాలో అది కల్పితం గనుక వాదించి లాభం లేనిది.

ఎత్తిపొడుపు వల్ల, అతిశయోక్తి వల్ల రెండు ముఖాలు తెచ్చుకున్న మాటల గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు, అవి ప్రతి తరంలోనూ పుడుతూ చస్తూ ఉంటాయి. భయం పుట్టించేది అనే అర్థమున్న ‘టెరిఫిక్’ అద్భుతమైనది అయింది. చెడ్డ అనే అర్థమున్న ‘బ్యాడ్’ అమెరికా నల్లజాతివారి వాడుకలో శభాష్ అనదగినదిగా మారి, 1987లో మైకేల్ జాక్సన్ ఆల్బమ్ పేరుగా ప్రపంచమంతా తిరిగింది. అక్షరాలా అనే అర్థమున్న ‘లిటరల్లీ’ని అక్షరాలా నిజం కాని చోట వాడటం ఈ తరం యువకుల అజ్ఞానమని విసుక్కునేవారు, 1876లో వచ్చిన టామ్ సాయర్ నవలలో మార్క్ ట్వేన్ కూడా అలాగే వాడాడన్నది మరిచిపోతారు. తెలుగులోనూ తలబిరుసు పనులు చేసినవాడిని ‘ప్రబుద్ధుడు’ అనడంలో, ప్రబోధం ఎక్కడా లేదు.

ద్విముఖ పదాల తీరుకు సరిగ్గా తలకిందులైన జబ్బు కూడా ఇంగ్లీషుకు ఉంది, ఎదురుగా కనిపించే రెండు మాటలకు ఒకే అర్థం ఉండటం. పెట్రోలు ట్యాంకర్ల మీద రాసే ‘ఇన్‌ఫ్లేమబుల్’ మొదటి అక్షరాలను చూసి మండనిది అనుకుంటే ప్రాణాల మీదికి వస్తుంది. అక్కడి ‘ఇన్’ లేదు అని చెప్పే ఉపసర్గ కాదు, లోపల అగ్గి రాజేయడాన్ని చెప్పేది. ఈ ప్రమాదాన్ని గుర్తించి అమెరికాలో 1920ల నుంచి అగ్నిప్రమాద నివారణ నిపుణులు ‘ఫ్లేమబుల్’ అనే పొట్టి రూపాన్ని ప్రచారం చేశారు.

తెలుగులో ద్విముఖ పదాలు లేవనుకోవడం పొరపాటు, అయితే వాటి పుట్టుకకు కారణం వేరు. ‘దయచేయండి’ అంటే లోపలికి రమ్మని ఆహ్వానం, అదే మాట ముందు ‘ఇక’ చేర్చి, గొంతు కాస్త మార్చి అంటే బయటికి దారి చూపడం. పాత తెలుగులో ‘వేంచేయు’ కూడా పెద్దలు రావడానికీ పోవడానికీ చెల్లేది. ఇక్కడ మాట చెప్పేది కదలికను కాదు, కదిలే మనిషి పట్ల మర్యాదను. దిక్కుతో దానికి పని లేదు. ఇంకా విశేషమైనది ‘నిండుకొను’. ఇంట్లో బియ్యం నిండుకున్నాయంటే డబ్బా నిండుగా ఉందని కాదు, అడుగంటిందని. లేవు, అయిపోయాయి అన్న మాట ఇంట్లో పలికితే అదే నిజమై కూర్చుంటుందన్న జంకు వల్ల, లోటును నిండుతనం పేరుతో పిలవడం అలవాటయింది. పుస్తెలతాడు తెగినప్పుడు పెరిగిందనడంలోనూ ఉన్నది ఆ జంకే. ‘కంపు’ మరో తరహా. అది ఒకప్పుడు మంచి వాసనకూ చెల్లిన మాట, కన్నడంలో నేటికీ పరిమళమే, తెలుగులో మాత్రం ముక్కు మూసుకోవలసినది. హిందీలో నిన్నకూ రేపటికీ కలిపి ‘కల్’ అనే ఒక్క మాటే ఉండటం తెలుగువారికి వింతగా తోస్తుంది గాని, ఈ రోజు నుంచి ఒక రోజు ఎడం అన్నది ఆ మాట చెప్పే విషయం, ఎటువైపు అన్నది క్రియ కాలం చెబుతుంది.

వాడుకలో గొంతు, సందర్భం, ఎదుటివారి ముఖం తోడుంటాయి కాబట్టి వీటి వల్ల పెద్దగా నష్టం జరగదు. చట్టం, ఒప్పందం, ప్రభుత్వ ఉత్తర్వు వంటి చోట్ల ఆ తోడు ఉండదు గనుక, ఇంగ్లీషు న్యాయలేఖకులు మొదటి నుంచీ ఒక ఉపాయం పాటించారు: ఒక మాటకు సమానార్థకమైన మరో మాటను పక్కనే కాపలా పెట్టడం. ఈ జంట మాటల అలవాటులో తిట్లు తిన్న చాదస్తం ఎంత ఉన్నా, కొన్ని మాటలు బతికి బట్టకట్టింది దాని వల్లనే. అడ్డుకోవడం అనే అర్థంలోని లెట్ ఇంగ్లీషు సంభాషణ నుంచి దాదాపు మాయమైన తరవాత కూడా రెండు చోట్ల మిగిలింది. ఒకటి టెన్నిస్ మైదానం, సర్వీసు బంతి వల అంచును తాకి అవతల సరైన గడిలో పడితే ఆ ఆటంకం వల్ల సర్వీసు మళ్లీ చేయమంటూ పలికే ‘లెట్’. రెండోది పాస్‌పోర్టు. భారత పాస్‌పోర్టు తెరవగానే రాష్ట్రపతి పేరిట కనిపించే అభ్యర్థనలో, ఈ పత్రం ఉన్నవారిని ‘లెట్’ గాని ‘హిండ్రెన్స్’ గాని లేకుండా స్వేచ్ఛగా పోనివ్వవలసిందని ఉంటుంది. అమెరికాకో, గల్ఫ్ దేశాలకో విమానమెక్కే తెలుగువారి చేతిలోని పుస్తకంలో, పోనివ్వడం అని అందరికీ తెలిసిన మాట అడ్డు అనే పాత అర్థంలో, తన పక్కన హిండ్రెన్స్‌ను కాపలా పెట్టుకొని కూర్చుని ఉంది. అదే పుటలో అదే అభ్యర్థన హిందీలో కూడా ఉంటుంది, అక్కడ ఆ చోట ఉన్నది ‘రోక్-టోక్’, దానికి ఒకటే అర్థం.